పీజీ సీటు వచ్చింది సరే, చేర్చాలా?

డిగ్రీ ఆఖరి పరీక్షలు అయిపోయి పిల్ల పుస్తకాలు అటకెక్కగానే మన ఇళ్ళల్లో ఓ చర్చ మొదలవుతుంది. పై చదువు చదివించాలా, ఉద్యోగానికి పంపాలా, సంబంధాలు చూడాలా అని. ఆయన ఒకటంటారు, అత్తగారు ఒకటంటారు, హైదరాబాదు నుంచి ఫోనులో తమ్ముడు ఇంకొకటంటాడు. పిల్లని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా "మీ ఇష్టం" అని లోపలికి పోతుంది. ఈ చర్చలో మనం టీలు అందించి ఊరుకోకుండా నాలుగు లెక్కలు తెలుసుకుని కూర్చుంటే బాగుంటుందని ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాను. మాగాయ సంగతి వచ్చే వారం చెప్పుకుందాం, ముక్కలు ఎండటానికి ఎలాగూ టైము పడుతుంది.

నేను చదివింది ఇంటర్మీడియెట్. "నువ్వు పీజీ గురించి చెబుతావా?" అని మావారు నవ్వారు. ఇంట్లో పద్దు రాసేది నేనే కదండీ, ఆ ఖర్చు ఏ పద్దులో రాయాలో నాకు తెలియొద్దా అన్నాను. మరి మాట్లాడలేదు.

కోనసీమ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. ఊరు పేరు రాయొద్దంది, రాయను. కూతురు బీఎస్సీ కెమిస్ట్రీ మంచి మార్కులతో పాసయింది. పీజీసెట్‌లో ర్యాంకు వచ్చింది, రాజానగరం నన్నయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు దొరికేలా ఉందట. ఇంతలో హైదరాబాదులో ఒక కంపెనీ ల్యాబులో నెలకి 15,000కి రమ్మన్నారు. తండ్రేమో చదివింది చాలు, మంచి సంబంధం చేతిలో ఉంది అంటున్నాడు. "వదినా, ఎమ్మెస్సీ చేస్తే నిజంగా పనికొస్తుందా? పనికొస్తుందంటే నా చేతి గాజులు అమ్మయినా చదివిస్తాను" అని రాసింది.

గాజులు అమ్మడం నిమిషం పని తల్లీ. కొనుక్కోవడానికే ఏళ్ళు పడుతుంది. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

నాకు తోచింది చెబుతాను. పట్టా రేషను కార్డులాంటిది. రేషను షాపు దగ్గర అది లేకపోతే గింజ పుట్టదు. అదే కార్డు బట్టల కొట్లో చూపిస్తే రూపాయి తగ్గించరు. ఎమ్మెస్సీ అయినా, ఎమ్మే అయినా, ఎమ్‌కామ్ అయినా అంతే. అమ్మాయి వెళ్ళాలనుకుంటున్న గుమ్మం దగ్గర ఆ కాగితం అడుగుతారా లేదా అన్నది ముందు కనుక్కోవాలి. అడిగితే గాజుల మాట ఆలోచిద్దాం. అడగకపోతే, పోనీ ఉన్నవాళ్ళకి జీతమైనా ఎక్కువిస్తారా అని చూడాలి. చాలా ఇళ్ళల్లో జరిగేది దీనికి తిరకాసుగా ఉంటుంది. ముందు సీటు, తర్వాత చదువు, ఆ తర్వాత "ఇప్పుడు దీంతో ఏం చెయ్యొచ్చు?" అని నలుగుర్నీ అడగడం.

మన వైపు ఆడపిల్లకి ఉద్యోగమంటే మొదట గుర్తొచ్చేది టీచరు ఉద్యోగమే కదా. అక్కడే చూద్దాం. 2025 ఏప్రిల్ 20న మన రాష్ట్రంలో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. మొత్తం పోస్టులు 16,347. అందులో చిన్న తరగతులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు 6,371. దీనికి ఇంటర్ పైన డీఎడ్ ఉంటే చాలు. స్కూల్ అసిస్టెంట్లు 7,725, వీళ్ళకి కావలసింది డిగ్రీ, బీఎడ్. ఈ రెండింటికీ టెట్ పాసవ్వాలి, అది వేరే. గురుకులాల్లాంటి చోట్ల ఉండే టీజీటీ పోస్టులు 1,781. వాటికీ డిగ్రీ, బీఎడ్డే. మరి పీజీ ఉండి తీరాలన్న పీజీటీ పోస్టులు ఎన్నో తెలుసా? 286.

7,725 ఎక్కడ, 286 ఎక్కడ! టీచరు అవ్వాలని ఉన్న పిల్లని డిగ్రీ కాగానే ఎమ్మెస్సీలో వేస్తే రెండేళ్ళు, ఆ తర్వాత బీఎడ్డుకి ఇంకో రెండేళ్ళు. బీఎడ్ మన రోజుల్లోలాగా ఏడాది చదువు కాదు, 2015 నుంచి రెండేళ్ళు చేశారు. అంటే నాలుగేళ్ళకి గానీ డీఎస్సీ వరసలో నిలబడదు. బీఎడ్ ముందు చేయించేస్తే రెండేళ్ళకే ఆ పెద్ద వరసలో ఉంటుంది. ఏదో ఒక బడిలో చేరి జీతం తెచ్చుకుంటూ పీజీ తర్వాత దూరవిద్యలో కట్టుకోవచ్చు. ఆ ప్రకటనలో పోస్టుల లెక్క చూశాక నాకూ మనసు కాస్త చివుక్కుమంది. ఇంటర్ దగ్గర ఆపేసిన నాలాంటివాళ్ళకి 6,371 పోస్టుల గుమ్మం ఒక్క డీఎడ్ దూరంలో ఉందన్నమాట. పైగా ఆ డీఎస్సీలో వయసు 44 దాకా ఇచ్చారు. ఇంటిపని తెమిలాక ఏదైనా చదువుదామనుకునే చెల్లెళ్ళు గమనించండి.

బ్యాంకు ఉద్యోగం సంగతి ఇంకా తేలిక. ఐబీపీఎస్ పరీక్షకి ఏ డిగ్రీ అయినా ఒకటే. ఆఫీసరుకి 20 నుంచి 30 ఏళ్ళు, గుమాస్తాకి 20 నుంచి 28. కొన్ని వర్గాలవాళ్ళకి సడలింపులు ఉంటాయి. అక్కడ పీజీ ఉందని ఒక్క మార్కు కలపరు. గుమాస్తా పరీక్ష రాయడానికి ఉండే ఎనిమిదేళ్ళలో రెండేళ్ళు ఎమ్‌కామ్‌కి పెడితే మిగిలేది ఎంతో చూసుకోండి. గ్రూప్-2కీ డిగ్రీయే, గ్రూప్-1కీ డిగ్రీయే, ఆఖరికి కలెక్టరు అయ్యే సివిల్సుకీ డిగ్రీయే.

ఇక్కడో మాట చెప్పాలి. యూనివర్సిటీలో ఎమ్మే సీటు తీసుకునే పిల్లల్లో కొంతమంది ఎమ్మే కోసం చేరరు. హాస్టలు ఉంటుంది, లైబ్రరీ ఉంటుంది, తోటివాళ్ళు ఉంటారు, కూర్చుని గ్రూప్సుకి చదువుకోవచ్చని చేరతారు. దాన్ని నేను తప్పనను. ఇంటి దగ్గరుంటే "ఖాళీగా ఉన్నావు కదా, కాస్త ఆ పప్పు రుబ్బు" అనే మనమే కదా దానికి కారణం! కాకపోతే ఆ సంగతి ఇంట్లో చెప్పి చెయ్యాలి. లేకపోతే తండ్రి ఎమ్మే పూర్తయిందనీ, ఉద్యోగమేదనీ అడుగుతుంటాడు, పిల్ల ప్రిలిమ్స్ గురించి ఆలోచిస్తుంటుంది.

మరి పీజీ లేకపోతే గుమ్మం తొక్కనివ్వని చోట్లు లేవా అంటే ఉన్నాయి. కాలేజీలో పాఠం చెప్పాలంటే పీజీ తప్పదు. జూనియర్ లెక్చరరుకి ఆ సబ్జెక్టులో పీజీ కావాలి. డిగ్రీ కాలేజీలో అయితే పీజీలో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకి 50, ఆ పైన నెట్ గానీ సెట్ గానీ పాసవ్వాలి, లేదా పీహెచ్‌డీ ఉండాలి. ఆ 55 మాట పిల్లకి చేరిన మొదటి రోజే చెప్పండి. 54 తెచ్చుకుని ఇల్లంతా ఏడ్చుకునే కంటే మొదటి సెమిస్టరు నుంచే కాస్త జాగ్రత్తగా ఉంటుంది. నర్సింగు చదివినవాళ్ళకి ఆసుపత్రిలో చేరడానికి బీఎస్సీ సరిపోతుంది. నర్సింగు కాలేజీలో చెప్పాలంటే ఎమ్మెస్సీ.

కోనసీమ చెల్లెలు అడిగిన కెమిస్ట్రీ సంగతి మధ్యరకం. విశాఖ దగ్గర పరవాడలోనూ, హైదరాబాదు చుట్టూనూ ఉన్న మందుల కంపెనీల్లో బీఎస్సీ వాళ్ళనీ తీసుకుంటారు, ఎమ్మెస్సీ వాళ్ళనీ తీసుకుంటారు. సరుకు తయారయ్యే చోటా, నాణ్యత పరీక్షించే చోటా బీఎస్సీతో చేరొచ్చు. కొత్త మందులు కనిపెట్టే పరిశోధన విభాగంలోకి మాత్రం ఎమ్మెస్సీ, ఆ పైన చదివినవాళ్ళనే ఎక్కువగా చూస్తారు. అందుకని, అమ్మాయికి పదిహేను వేలిస్తామన్న కంపెనీనే అడిగించు తల్లీ. "మీ ల్యాబులో మూడేళ్ళకి పై మెట్టు ఎక్కాలంటే బీఎస్సీతో ఎక్కనిస్తారా?" అని. అక్కడ పనిచేస్తున్న అమ్మాయిని ఒకరిని పట్టుకుంటే ఇంకా నిజం తెలుస్తుంది. కాలేజీ వాళ్ళని అడిగితే వాళ్ళ కాలేజీలో చేరమనే చెబుతారు, పాపం వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

భీమవరం, నరసాపురం వైపు వాళ్ళకి ఇంకో దారి కూడా ఉంది. 2009లో వనామీ రొయ్య దేశంలోకి వచ్చాక మన డెల్టా మెరక, పల్లం అంతా చెరువులయింది. చెరువులున్నచోట నీటి పరీక్ష కావాలి, రోగం పరీక్ష కావాలి, పిల్ల తయారుచేసే హేచరీలు, మేత కంపెనీలు కావాలి. జువాలజీ, ఆక్వాకల్చర్, మైక్రోబయాలజీ చదివినవాళ్ళకి ఆ ల్యాబుల్లో పనుంటుంది. చెరువు గట్ల మీద తిరిగే ఉద్యోగాల్లో మన అమ్మాయిలు తక్కువే, ల్యాబులో అయితే చక్కగా చెయ్యగలరు. పొరుగూరి వరకు చూసుకుంటే చాలు అనుకునే తల్లిదండ్రులకి ఇది బాగుంటుంది.

ఎంబీఏ గురించి ఎక్కువ చెప్పను. అది ఏం చదివావు కంటే ఎక్కడ చదివావు అన్న చదువు. ఎంటెక్ అయితే గేట్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకుని చేరినవాళ్ళకి నెలకి 12,400 ఇస్తారు, అలా అయితే చేరమనండి. ఎంసీఏ మూడేళ్ళదల్లా 2020 నుంచి రెండేళ్ళదే అయింది.

ఇప్పుడు పద్దు. ఇందులో అంకెలు నేను ఊహగా వేసినవి, మీరు మీ ఇంటి అంకెలు వేసుకోండి. రెండేళ్ళ ఫీజు 60,000. హాస్టలు, భోజనం నెలకి 6,000 చొప్పున 20 నెలలకి 1,20,000. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రానూ పోనూ ఛార్జీలు 20,000. మొత్తం 2,00,000. మనం ఇక్కడితో లెక్క ఆపేస్తాం. కానీ ఆ రెండేళ్ళూ పిల్ల ఉద్యోగం చేస్తే వచ్చే జీతం సంగతేమిటి? 15,000 చొప్పున 24 నెలలకి 3,60,000. "అయ్యబాబోయ్, అదంతా పోయినట్టేనా?" అని గాభరా పడకండి. హైదరాబాదులో హాస్టలుకి 7,000, బస్సుకి, ఫోనుకి, బట్టలకి 3,000 పోను చేతిలో నిలిచేది 5,000. అంటే రెండేళ్ళకి 1,20,000. కాబట్టి పీజీకి మనం పెట్టే అసలు ఖరీదు ఆ రెండు లక్షలు, ఈ లక్షా ఇరవై వేలు కలిపి 3,20,000.

పీజీ తర్వాత నెలకి 5,000 ఎక్కువ వస్తుందనుకోండి, అది తిరిగి రావడానికి 64 నెలలు, అంటే ఐదేళ్ళ నాలుగు నెలలు. 15,000 ఎక్కువ వస్తే 22వ నెలకి తీరిపోతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. పీజీ చేసి వచ్చిన పిల్ల జీతాన్ని బీఎస్సీ పిల్ల మొదటి నెల జీతంతో పోల్చకూడదు. ఆ బీఎస్సీ పిల్లకి ఈపాటికి రెండేళ్ళ అనుభవం ఉంటుంది, దాని జీతమూ పెరిగి ఉంటుంది. మూడో ఏడు జీతంతో పోల్చాలి. అలా పోల్చి చూస్తే కొన్ని పీజీలు తేలిపోతాయి, కొన్ని నిలబడతాయి.

యూనివర్సిటీకి ఇంటి దగ్గర నుంచి వెళ్ళొచ్చే వీలుంటే లెక్క మారిపోతుంది. నన్నయ యూనివర్సిటీ 2006లో వచ్చింది. అంతకు ముందు మన రెండు జిల్లాల్లో ఎక్కువమందికి పీజీ అంటే వాల్తేరే. ఆడపిల్లని అంత దూరం ఎలా పంపడం అన్న ఒక్క మాటతో ఎన్ని చదువులు డిగ్రీ దగ్గర ఆగిపోయాయో! ఇప్పుడు రాజానగరంలో ఉంది, కాకినాడలో, తాడేపల్లిగూడెంలో కూడా క్యాంపస్‌లున్నాయి. రాజమండ్రి నుంచి, పెద్దాపురం వైపు నుంచి బస్సెక్కి పోయి రావచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు డబ్బులు లేకుండా చేశారు. హాస్టలు లక్షా ఇరవై వేలూ మిగిలితే పైన చెప్పిన 3,20,000 కాస్తా 2,00,000 అవుతుంది, 5,000 పెరిగినా 40 నెలల్లో వచ్చేస్తుంది. క్యారేజీ మనం ఎలాగూ కడతాం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళకి ఒక మాట. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్ళకి దాన్ని ఆపేశారు. అన్న చదివిన రోజుల్లో వచ్చింది కదా, చెల్లెలికీ వస్తుందనుకున్న ఇళ్ళల్లో అప్పు పుట్టింది. మీ అమ్మాయి చేరే ఏడాదికి ఏ ఉత్తర్వు నడుస్తోందో, ఆ కాలేజీకి అది వర్తిస్తుందో లేదో కాగితం మీద చూపించమనండి. "వస్తుందండీ, మీకెందుకు, మేం చూసుకుంటాం" అన్న నోటిమాట మీద చేర్చకండి.

ఇంక అసలు సంగతికి వద్దాం. మన ఇళ్ళల్లో సగం పీజీలు ఉద్యోగం కోసం కావు, సంబంధం కుదిరే దాకా కాలక్షేపం కోసం. "ఖాళీగా ఉంటే బాగోదు, ఎమ్మే కట్టించాం" అంటారు. సంబంధం కుదిరితే మధ్యలో మానిపించేస్తారు. కుదరకపోతే పూర్తి చేయించి, "పీజీ చేసిన పిల్లకి డిగ్రీ అబ్బాయిని ఎలా ఇస్తాం" అని ఇంకా పెద్ద సంబంధం చూస్తారు, దానికి తగ్గట్టు కట్నం పెరుగుతుంది. అంటే చదువుకి డబ్బు పెట్టి, ఆ చదువు వల్ల పెరిగిన కట్నానికి మళ్ళీ డబ్బు పెట్టడం! ఇదెక్కడి పద్దో నాకు అర్థం కాదు. పోనీ అల్లుడింట్లో ఆ చదువుని వాడనిస్తారా అంటే పెళ్ళిచూపుల్లో ఆ మాట ఎవరూ అడగరు. కోనసీమ తల్లీ, మీ ఆయన చేతిలో ఉన్న సంబంధం మంచిదే అయితే వాళ్ళని సూటిగా అడిగించు. "పిల్లకి ఎమ్మెస్సీ సీటు వచ్చింది, రెండేళ్ళు ఆగుతారా? ఆగలేకపోతే పెళ్ళయ్యాక చదివిస్తారా? ఫీజు ఎవరు కడతారు?" అని. ఆ మూడో ప్రశ్నకి వాళ్ళ మొహం చూస్తే మొదటి రెండింటికీ జవాబు తెలిసిపోతుంది.

పెళ్ళి, చదువు మాట వచ్చింది కాబట్టి మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మని తలుచుకోవాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దని బయటికొచ్చారు. ఉద్యమంలో జైళ్ళకి వెళ్ళొచ్చి, తోటివాళ్ళు పిల్లల్ని పెంచుకునే వయసులో బెనారసు మెట్రిక్ పరీక్షకి కూర్చున్నారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం ఎమ్మే దాకా చదివారు. అక్కడితో ఆగలేదు. 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని అక్కడే ప్రాక్టీసు పెట్టారు. ఎందుకంటారు? ఎమ్మే ఎంత గొప్పదయినా కోర్టులో నిలబడి వాదించడానికి పనికిరాదు, దానికి లా కావాలి. ఆవిడ నేరుగా ఆ గుమ్మానికి కావలసిన కాగితం తెచ్చుకున్నారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1937లో ఆవిడ పెట్టిన ఆంధ్ర మహిళాసభ చదువు మధ్యలో ఆగిపోయిన ఎంతోమంది ఆడవాళ్ళని మళ్ళీ పరీక్షలకి కూర్చోబెట్టింది. ఎమ్మే దండగ అని నేను అంటున్నాననుకోకండి. ఆ చదువు ఆవిడకి ఆలోచన ఇచ్చి ఉంటుంది. అన్నం పెట్టే పట్టా, ఆలోచన పెట్టే పట్టా వేరు వేరు కావచ్చు, రెండూ మంచివే. గాజులు అమ్మేటప్పుడు మాత్రం దేనికి అమ్ముతున్నామో తెలిసి ఉండాలి.

అమెరికా ఎమ్మెస్ గురించి కూడా రెండు ముక్కలు. కాలవ కింద ఎకరం పెట్టి పిల్లల్ని పంపిన ఇళ్ళు మన ఊళ్ళల్లో వీధికి రెండుంటాయి. ఎక్కి వచ్చినవాళ్ళు మేడలు కట్టారు, దాన్ని కాదనలేం. అయితే ఆ చదువుకి అసలు గుమ్మం వీసా. చదువయ్యాక ఏడాది పని చేసుకోనిస్తారు, సైన్సు, ఇంజనీరింగు వాళ్ళకి ఇంకో రెండేళ్ళు పొడిగింపు ఉంది. ఆ తర్వాత ఉండాలంటే హెచ్-1బీ. అవి ఏడాదికి 65,000, అక్కడ పీజీ చేసినవాళ్ళకి ఇంకో 20,000. దేశదేశాల నుంచి అడిగేవాళ్ళు అంతకి చాలా ఎక్కువ. పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ నిబంధన ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకోవాలి. బ్యాంకు అప్పు ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఇల్లో పొలమో హామీ పెట్టమంటారు. చదువుకునే రోజుల్లో వాయిదా కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం నిద్రపోదు. పిల్ల వెనక్కి వచ్చెయ్యాల్సి వస్తే ఇక్కడి జీతంతో ఆ అప్పు తీరుతుందా? ఆ ఒక్క లెక్క వేసుకుని, తీరుతుందనుకుంటేనే దస్తావేజు బయటికి తియ్యండి.

మన సంగతి చూద్దాం. ఎప్పుడో ఎమ్మే, ఎమ్మెస్సీ పూర్తిచేసి పెళ్ళితో అది ట్రంకుపెట్టెలో పెట్టేసిన అక్కలు మీలో చాలామంది ఉన్నారు. మీ మార్కుల జాబితా ఓసారి తీసి చూడండి. 55 శాతం ఉందా? లెక్చరరు అర్హత కోసం రాసే నెట్ పరీక్షకి పై వయసు లేదు. వయసు హద్దు ఉన్నది పరిశోధన స్కాలర్‌షిప్పుకే. పిల్లలు కాలేజీకి వెళ్ళాక మధ్యాహ్నాలు ఖాళీ అయినవాళ్ళకి ఇది బంగారం లాంటి వార్త. డిగ్రీతో ఆగినవాళ్ళకి దూరవిద్య ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ 1972 నుంచీ ఉత్తరాల ద్వారా చదువు చెబుతోంది. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య పట్టా మామూలు పట్టాతో సమానమని 2022లో యూజీసీ స్పష్టంగా చెప్పింది కూడా. కట్టేముందు ఆ ఏడాదికి, ఆ కోర్సుకి గుర్తింపు ఉందా అని యూజీసీ దూరవిద్య విభాగం వాళ్ళ జాబితాలో పిల్లల చేత వెతికించండి. యూనివర్సిటీకి ఉంటే చాలదు, కోర్సుకీ ఉండాలి.

కోనసీమ చెల్లెలికి నా సలహా ఇది. అమ్మాయికి పాఠం చెప్పాలని ఉంటే, లేదా పరిశోధన వైపు మనసు ఉంటే, రాజానగరం సీటు వదలొద్దు. ప్రభుత్వ యూనివర్సిటీ, ఇంటికి మరీ దూరం కాదు, గాజుల దాకా రాకపోవచ్చు కూడా. అలా కాకుండా ఏదో ఒక ఉద్యోగం చేసి తన కాళ్ళ మీద నిలబడితే చాలు అనుకుంటే ఆ పదిహేను వేల ఉద్యోగంలో ఏడాది చెయ్యనివ్వండి. ఆ ఏడాదిలో ఏ మెట్టు దగ్గర ఎమ్మెస్సీ అడుగుతారో తనకే తెలుస్తుంది, పీజీసెట్ మళ్ళీ ఏడాదీ వస్తుంది. సంబంధం సంగతి మీ ఆయనా మీరూ ఆ మూడు ప్రశ్నలు అడిగాక మాట్లాడుకోండి. ముందు అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. "మీ ఇష్టం" అంటే ఊరుకోకండి, ఇంకోసారి అడగండి.

చేర్చాలని అనుకుంటే మాత్రం సర్టిఫికెట్ల విషయంలో జాగ్రత్త. ఫీజు బాకీ ఉందని పిల్లల అసలు సర్టిఫికెట్లు ఇవ్వకుండా తిప్పుకున్న కాలేజీలు మన వైపు ఉన్నాయి. ఉద్యోగానికి పిలుపు వచ్చి, చేతిలో కాగితం లేక తల్లులు కాలేజీ మెట్ల మీద కూర్చున్న సందర్భాలూ ఉన్నాయి. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని, చూసుకుని వెనక్కి ఇచ్చెయ్యాలని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. చేర్చే రోజున నకళ్ళు మూడు సెట్లు పట్టుకెళ్ళండి. అసలువి చూపించి, అక్కడికక్కడే తిరిగి తీసుకుని, టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒక్కొక్కటీ లెక్కపెట్టి సంచీలో వేసుకున్నాకే బస్సెక్కండి.